కొట్టేసిన పదో మాట

మా డాక్టరుగారి కరపత్రంలో తొమ్మిది మాటలున్నాయి. ఉండాల్సింది పది. ఆ పదోదాన్ని కొట్టేసినప్పుడు గదిలో ముగ్గురం ఉన్నాం. ఒకరు ఇప్పుడు లేరు. మిగిలింది డాక్టరుగారు, నేను. ఆయన చెప్పరు. పది రోజులు వెంటపడి అడిగినా "చూద్దాం సిస్టర్" అనేసి ఊరుకునే మనిషి. నాకు అలా నోరు కట్టుకుని కూర్చోవడం చేతకాదు. అందుకని నేనే చెబుతున్నాను.

నేను ఆయన దగ్గర ఇరవై రెండేళ్ళుగా నర్సుని. పొద్దున పూట కడుపులోకి దింపే కెమెరా గొట్టాలు అందిస్తాను, కడుగుతాను, ఆరబెడతాను. సాయంత్రం బయట బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు ఇస్తాను, కరపత్రం చేతిలో పెడతాను, వరస తప్పి లోపలికి దూరేవాళ్ళని కేకలేస్తాను. నా నోరు మంచిది కాదని పేరు. మంచిదైతే ఆ వరండా ఎప్పుడో సంతయ్యేది.

ఆయన్ని అందరూ గ్యాస్ డాక్టరంటారు. బోర్డు మీద ఆయన చదువు పేరు మూరెడు పొడుగుంది, దాన్ని పలకడం ఎవరి వల్లా కాదు. గ్యాసంటే మాత్రం అందరికీ తెలుసు. తలనొప్పి వచ్చినా గ్యాసే, మోకాలు పట్టేసినా గ్యాసే, కోడలు మాట వినకపోయినా గ్యాసే. ఒకావిడ తన గ్యాసు కుడి భుజంలోంచి బయల్దేరి వీపంతా తిరిగి ఎడమ చెవిలోకి వస్తుందని వేలితో దారి గీసి మరీ చూపించింది. డాక్టరుగారు నవ్వకుండా విన్నారు. విని, "భోజనానికీ భోజనానికీ మధ్య ఎన్ని టీలు తాగుతారమ్మా?" అన్నారు. తొమ్మిది. ఇలా వినడంలోనే ఆయన ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. సగం జబ్బు వింటేనే తెలిసిపోతుందనీ, మిగతా సగానికే ఈ గొట్టమనీ అంటారు.

ఆయన చదువుకునే రోజుల్లో తెరలు లేవట. గొట్టం చివర ఒంటి కన్ను ఆనించి, రెండోది మూసుకుని, మనిషి లోపలికి తొంగిచూడాల్సి వచ్చేదట. తెరలు వచ్చి ఎన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. దేన్నయినా గట్టిగా ఆలోచించాల్సి వస్తే ఎడమ కన్ను దానంతటదే మూతపడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు డాక్టరు కన్ను కొడుతున్నాడేంటని బిత్తరపోతారు. నేను మాత్రం ఆ కన్ను చూసే చెప్పేస్తాను. తెరిచి ఉంటే మామూలు సంగతి, మూతపడిందంటే లోపల ఏదో ఉన్నట్టు.

ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట ఇంకొకటి ఉంది. పెద్దపేగు లోపల కొందరికి పులిపిరి లాంటి బుడిపె మొలుస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, ఉన్నట్టే తెలీదు. వదిలేస్తే ఏళ్ళ మీద అందులో కొన్ని కాన్సరుగా మారతాయి. గొట్టంలోంచి సన్నటి తీగ ఉచ్చు పంపి, దాని మెడకి బిగించి తెంపేస్తే అక్కడితో కథ ముగిసినట్టే. బల్ల మీద వణికిపోతున్న రోగితో ఆయన అనేది ఒకటే, "రెండు నిమిషాల పని." నిజంగానే రెండు నిమిషాలే. గోడగడియారం చూసి రిజిస్టరులో రాసేది నేనే కదా.

ఇక కరపత్రం సంగతి. ఎనిమిదేళ్ళ కిందట ఒకాయన గ్యాసు పైకి తన్నిందంటూ ఛాతీ పట్టుకుని వచ్చాడు. టోకెను పదిహేడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అయినా పెద్దమనిషి వరస తప్పకూడదని బుద్ధిగా బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరుగారు తలుపు సందులోంచి చూసి, ఆయన్ని లేవనివ్వకుండా అక్కడే ఇసిజి తీయించి, గుండె ఆసుపత్రికి పరుగు పెట్టించారు. మనిషి బతికాడు. కానీ వారం రోజులుగా ఇంట్లో సోడాలు తాగుతూ కూర్చున్నాడని తెలిసి ఆయనకి ఒళ్ళు మండింది. "చెప్పేవాళ్ళు లేక కదా సిస్టర్. మనమే నాలుగు మాటలు అచ్చేయించి పంచుదాం" అన్నారు.

రెండు సాయంత్రాలు కూర్చుని ఆయన చెప్పారు, నేను రాశాను. వేళకి తినండి, తిన్న వెంటనే నడుం వాల్చకండి, రెండు మూడు గంటలు ఆగండి. ఒంటినొప్పుల మాత్రలు ఖాళీ కడుపున మింగకండి. కడుపుమంట మాత్రలు కూడా అడక్కుండా నెలల తరబడి వేసుకోకండి. ఛాతీ నొప్పి, చెమట, ఆయాసం కలిసి వస్తే గ్యాసనుకుని కూర్చోకండి. మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం తారులా నల్లగా వచ్చినా ఆలస్యం చెయ్యకండి. మరుగుదొడ్డిలో ఫోను పట్టుకుని గంటలు కూర్చోకండి. ఇది నేను పట్టుబట్టి రాయించింది, మా ఇంట్లో అలాంటి మహానుభావుడు ఒకడున్నాడు. అలా సాగి సాగి పదోది ఇలా ఉంది: "మలంలో రక్తం పడితే మొలలేనని మీకు మీరే తేల్చుకోకండి. డాక్టరుకి చూపించండి."

అచ్చు వెయ్యాల్సింది డాక్టరుగారి తమ్ముడు. ఆయనకి రెండు వీధుల అవతల ప్రెస్సు ఉంది. శుభలేఖలూ, బిల్లు పుస్తకాలూ, స్కూళ్ళ ప్రశ్నపత్రాలూ వేస్తాడు. అన్నగారికంటే ఏడేళ్ళు చిన్న. ఈయన మాట పొదుపు మనిషైతే ఆయన వాగుడుకాయ. వేళ్ళకి ఎప్పుడూ సిరా ఉంటుంది, అందుకని మా తెల్ల తువ్వాళ్ళు ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. "సిస్టర్‌గారూ, మీకంటే మా మిషనే నయం, అది అప్పుడప్పుడయినా ఆగుతుంది" అని నన్ను ఏడిపించేవాడు.

ముందు గుమ్మంలోంచి ఎప్పుడూ రాడు. గొట్టాలు కడిగే గది పక్కన వెనక తలుపు ఉంది, అందులోంచి వస్తాడు. మా క్లినిక్‌లో అదో పద్ధతి. ఇంటివాళ్ళు, ఇంటివాళ్ళలాంటివాళ్ళు ఆ వెనక తలుపులోంచి వస్తారు. వాళ్ళకి టోకెను లేదు, ఫైలు లేదు, బల్ల మీద పడుకోబెట్టి కడుపు నొక్కి చూడటం లేదు. కంపెనీలవాళ్ళు ఇచ్చిపోయే మందుల శాంపిళ్ళ బీరువా ఒకటుంది. అది తెరిచి అడిగింది చేతిలో పెట్టడమే. సొంతవాళ్ళని బెంచీ మీద కూర్చోబెడతామా? అది మర్యాద అనుకునేవాళ్ళం.

ఆ రోజు పొద్దున తమ్ముడు అచ్చు నమూనా పట్టుకుని వెనక నుంచి వచ్చాడు. లోపల బల్ల మీద రోగి ఉన్నాడు. గొంతు మొద్దుబారడానికి స్ప్రే కొట్టేశాం. దాని పనితనం కాసేపే, ఈలోగా గొట్టం వెయ్యాలి. డాక్టరుగారు గ్లౌజులు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు.

"అన్నయ్యా, తొమ్మిదైతే ఒక పేజీలో సుబ్బరంగా కూర్చుంటున్నాయి. పదైతే అక్షరం తగ్గించాలి. తగ్గిస్తే ముసలివాళ్ళకి ఆనదు."

"అయితే వెనకవైపు వెయ్యరా."

"వెనకవైపు ఎవడు తిప్పి చూస్తాడు? ఒకటి కొట్టెయ్యి, గొడవొదిలిపోతుంది. ఏది కొట్టెయ్యమంటావ్?"

డాక్టరుగారు కాగితం వైపు చూశారు. గ్లౌజులు కదా, ముట్టుకోలేదు. "చివరిది కొట్టెయ్యి. రక్తం సంగతి నేను ప్రతివాళ్ళనీ నోటితో అడుగుతూనే ఉంటాను" అన్నారు. ఎడమ కన్ను తెరిచే ఉంది. తమ్ముడు గోడకి కాగితం ఆనించి, చెవి మీద పెన్ను తీసి, పదో మాట మీద అడ్డంగా గీత గీశాడు. నేను చూస్తూ నిలబడ్డాను. పేషెంటు దగ్గాడు, లోపలికి వెళ్ళిపోయాం.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. టోకెను పట్టుకుని ముందు గుమ్మంలోంచి వచ్చిన ప్రతి మనిషినీ ఆ ప్రశ్న అడిగారు. సిగ్గుపడేవాళ్ళని రెండుసార్లు అడిగారు. ఆ ప్రశ్నవల్ల బతికి బట్టకట్టినవాళ్ళు నాకు తెలిసే పాతికమంది ఉన్నారు.

ఐదేళ్ళు గడిచాయి. కరపత్రాలు అయిపోయినప్పుడల్లా తమ్ముడు కొత్త కట్టలు తెచ్చి వెనక గదిలో పడేసేవాడు. ఒకరోజు కట్ట దింపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"సిస్టర్‌గారూ, మొలలకి పూసుకునే ట్యూబు ఏదన్నా ఉందా?"

"ఎవరికి?"

"నాకే లెండి. రోజంతా మిషన్ దగ్గర నిలబడే ఉద్యోగం. కాస్త ఎరుపు కనపడుతోంది."

"డాక్టరుగారికి చెప్పకపోయారా?"

"అన్నయ్య ముందు ఆ మాటేంటండీ, బాగోదు. మీరూ చెప్పకండి."

నేను బీరువా తెరిచి ట్యూబు ఇచ్చాను. ఆ మాటే బెంచీ మీద ఇంకెవరైనా అని ఉంటే చీటీ రాసి, లోపలికి తోసి, "అంతా చెప్పండి, సిగ్గేంటి" అని కసిరేదాన్ని. ఆయన్ని కసరలేదు. ఆయన మనవాడు కదా.

మూడు నెలలకి ఇంకో ట్యూబు. మళ్ళీ మూడు నెలలకి ఇంకోటి. మూడోసారి అడిగినప్పుడు డాక్టరుగారు అటే వచ్చారు. తమ్ముడు తడబడి, "ఏం లేదన్నయ్యా, కాస్త మొలలున్నట్టున్నాయి" అనేశాడు. ఈయన చేతులు కడుక్కుంటున్నారు, బయట ఇరవైమంది ఉన్నారు. "నీళ్ళు తాగు. టీలు తగ్గించు. కూరగాయలు తినవు కదా, అదీ సంగతి" అన్నారు. ఎన్నాళ్ళుగా అని అడగలేదు. రక్తమా అని అడగలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయారు. తమ్ముడు గండం గడిచినట్టు ఊపిరి వదిలి నావైపు చూసి నవ్వాడు.

తర్వాత రెండు నెలలకి ఆయన కట్ట దింపుతుంటే చేతి గడియారం జారి మోచేతి దాకా పోయింది. బెల్టు చూశాను. ఆఖరి బెజ్జం కూడా చాలక మేకుతో కొత్త బెజ్జం పొడిచి ఉంది. ఆ కరపత్రం రోజుకి నలభైమందికి పంచే మనిషిని నేను. అందులో బరువు మాట ఉంది. ఆయన ఎదురుగా నిలబడి నవ్వుతుంటే ఆ మాట ఇన్నాళ్ళూ నాకు గుర్తు రాలేదు.

"కదలకండి, ఇక్కడే కూర్చోండి" అని ఆయన మీద అరిచి, లోపలికి వెళ్ళి డాక్టరుగారికి అంతా చెప్పేశాను. ట్యూబుల సంగతీ చెప్పాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

కడుపు ఖాళీ చేసే మందు తాగించి, మర్నాడు పొద్దునే బల్ల మీద పడుకోబెట్టాం. తమ్ముడు మత్తులోకి జారేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ గదికి ఈ రంగు ఎవరు వేశారు, ఆసుపత్రులన్నిటికీ ఇదే పాచి రంగా, అంటూ. గొట్టం ఎంతో దూరం పోలేదు. తెర మీద అది కనపడింది. నేను కూడా ఇరవై ఏళ్ళుగా ఇవే చూస్తున్నాను, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. డాక్టరుగారి ఎడమ కన్ను మూతపడింది. మూతపడి చాలాసేపు తెరుచుకోలేదు. ముక్క తీసి సీసాలో వేశారు. సీసా మీద చీటీ అంటించాలి కదా, "ఫైలు నంబరెంత?" అన్నారు. ఫైలు లేదు.

అప్పటికే కాలేయానికి పాకింది. పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు, మందులెక్కించారు. అన్నగారు రోజూ పొద్దున ఇక్కడ గొట్టాలు వేసి, మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి కూర్చుని, సాయంత్రం మళ్ళీ ఇక్కడ టోకెన్లు చూసేవారు. ఒకరోజు రిపోర్టులు ఇవ్వడానికి నేనూ వెళ్ళాను. తమ్ముడి పక్కన ఆయన భార్య యాపిల్ తొక్క తీస్తోంది. తమ్ముడు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ళకి సిరా లేదు. ఆ చేతుల్ని అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరుగారు ఉన్నట్టుండి అడిగారు, "ఒరేయ్, రక్తం పడుతుంటే ఏడాది పాటు ఎలా ఊరుకున్నావురా? నా తమ్ముడివై ఉండి?"

అచ్చుతప్పు ఎలా పడిందో బేరగాడికి వివరించేవాడిలాగే తమ్ముడు నెమ్మదిగా చెప్పాడు. "ఆ పదోది నువ్వే కొట్టెయ్యమన్నావు కదన్నయ్యా. తొమ్మిదీ ఉంచి అది కొట్టేశావంటే అది అంత పెద్ద సంగతి కాదనుకున్నాను."

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అన్నాడు. డాక్టరుగారు లేచి సెలైను గొట్టం సరిచేశారు. అది సరిగ్గానే ఉంది. తమ్ముడి భార్య యాపిల్ ముక్క అలాగే చేతిలో పట్టుకుని ఉండిపోయింది.

పదకొండు నెలలకి, ఒక మధ్యాహ్నం, తమ్ముడు పోయాడు. యాభై రెండేళ్ళు.

వారం తిరక్కుండా డాక్టరుగారు క్లినిక్ తెరిచారు. ఏడవగా నేను చూడలేదు. మనిషి వస్తున్నారు, కూర్చుంటున్నారు, మందులు సరిగ్గానే రాస్తున్నారు. గ్యాసు చెవిలోకి వచ్చిందన్నా వింటున్నారు. కానీ ఎన్ని టీలని అడగడం మానేశారు. బుడిపెలు తీసేటప్పుడు "రెండు నిమిషాల పని" అనడం కూడా మానేశారు. ఊరికే "అయిపోతుంది" అంటున్నారు. టీ పెట్టి ఇస్తే చల్లారేదాకా చూసి తాగుతున్నారు. గొంతులో స్ప్రే కొట్టాక రోగులు భయపడి, మింగుతున్నాం గానీ తెలీట్లేదంటారు. మొద్దుబారింది, కాసేపట్లో పోతుందని నేను ధైర్యం చెబుతుంటాను. ఒకరోజు టీ గ్లాసు తీసుకోబోతే ఆయన అదే మాట నాతో అన్నారు. "మింగుతున్నాను సిస్టర్. తెలీట్లేదు." కాసేపట్లో పోతుందని నేను అనలేకపోయాను.

నాకూ ఏడుపు రాలేదు. నాకు ఏది వచ్చినా కోపంలాగే వస్తుంది. వరండాలో జనాన్ని మామూలు కంటే ఎక్కువ తిట్టాను. వెనక గదిలో ఆయన చేతుల మీదుగా వచ్చిన ఆఖరి కట్టలు మిగిలున్నాయి, తొమ్మిది మాటలవి. వాటిని పారెయ్యడానికి చేతులు రాలేదు, అలాగే పంచడానికీ మనసొప్పలేదు. ఒక్కో కాగితం అడుగున పదో మాట పెన్నుతో రాయడం మొదలుపెట్టాను. రోజుకి నలభై. డాక్టరుగారు ఒకసారి నా వెనక నిలబడి చూశారు. వెళ్ళి, నా బల్ల మీద ఇంకో పెన్ను పెట్టారు.

అయితే ఇంకో సంగతి ఉంది, నన్ను తొలిచేసింది అదే. పెద్దపేగు కాన్సరు ఇంట్లో ఒకరికి వచ్చిందంటే తోబుట్టువులకీ పిల్లలకీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆయన వందమందికి చెప్పారు ఈ మాట. అన్నకి వచ్చిందంటే తమ్ముణ్ణి లాక్కురమ్మనేవారు, రాకపోతే నా చేత ఫోన్లు చేయించేవారు. మరి ఆయన? అరవైకి చేరువలో ఉన్నారు, ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదు.

"సార్, మీరూ చేయించుకోవాలి కదా."

"చూద్దాం సిస్టర్."

నెలకి ఒకసారి అడిగాను, వారానికి ఒకసారి అడిగాను. ఇంట్లో మేడంగారు అడిగి అడిగి విసిగిపోయారు. ఎవరడిగినా అదే "చూద్దాం". భయపడుతున్నారేమో అనుకున్నాను ముందు. భయం కాదు, భయమున్నవాళ్ళని రోజూ చూస్తున్నాను కదా. ఆయనకి ఉన్నా లేకపోయినా ఒకటే అయిపోయింది. ఆయన భయపడటం కంటే అదే నాకు ఎక్కువ భయం కలిగించింది. తమ్ముడితో పాటు ఈయన్ని కూడా చేజేతులా పోగొట్టుకుంటామా అనిపించింది.

తమ్ముడి సంవత్సరీకం అయిన నెలలోనే ఒక సాయంత్రం తలెత్తి చూస్తే బల్ల ముందు తమ్ముడి భార్య నిలబడి ఉంది. ఆవిడే ఇప్పుడు ప్రెస్సు నడుపుతోంది.

"ఇటునుంచి వచ్చారేంటి? వెనక తలుపు తీసే ఉంది" అన్నాను.

"టోకెను ఇవ్వండి సిస్టర్‌గారూ."

పద్నాలుగో నంబరు చింపి ఇచ్చాను. బెంచీ చివర కూర్చుంది. గంటంపావు కూర్చుంది. ఆవిడ వంతు వచ్చినప్పుడు నేనూ లోపలికి వెళ్ళాను, వెళ్ళకుండా ఉండలేకపోయాను.

డాక్టరుగారు కంగారుగా లేచారు. "ఏంటమ్మా, బయట కూర్చున్నావా?"

"అడగాల్సినవి ఉన్నాయి బావగారూ. పేషెంటులాగే అడుగుతాను, పేషెంటుకి చెప్పినట్టే చెప్పండి." చేతిసంచీలోంచి కాగితమూ పెన్నూ తీసి పెట్టుకుంది. "మా పిల్లలిద్దరికీ ఈ పరీక్ష ఎప్పుడు చేయించాలి?"

"నలభై ఏళ్ళు రాగానే. తండ్రికి బయటపడిన వయసుకి పదేళ్ళ ముందు లెక్క వేసినా, నలభై ఒకటి. నలభైకే చేయించు. రక్తం గానీ, ఇంకేదైనా తేడా గానీ కనపడితే అప్పటిదాకా ఆగొద్దు."

రాసుకుంది. "ఏమీ తేడా లేకపోతే అక్కర్లేదు కదా?"

"లేకపోయినా చేయించాలి. తేడా తెలిసేసరికి ఆలస్యమైపోతుంది."

అదీ రాసుకుంది. "మరి పోయినవాళ్ళ అన్నదమ్ములకి?"

ఆయన బల్ల మీది మందుల చీటీలు సర్దారు.

"పేషెంటుకి చెప్పినట్టు చెప్పండి బావగారూ."

"వెంటనే" అన్నారు.

"వెంటనే అంటే?"

"తెలిసిన నెలలోనే."

ఆవిడ అదీ రాసి, కాగితం ఆయన వైపు తిప్పింది. అది కొత్త కరపత్రం నమూనా. పదో మాట మొదటికి వచ్చింది, మిగతా తొమ్మిదీ దాని కింద. అడుగున ఖాళీలో ఇప్పుడే రాసిన మూడు వాక్యాలు. "అక్షరం తగ్గించలేదు. కాగితమే పెద్దది తీసుకున్నాను. ఆ రోజు మా ఆయనకీ తోచలేదు, మీకూ తోచలేదు" అంది. "మీరు చేయించుకున్న రోజు చెప్పండి, అచ్చు మొదలుపెడతాను. అప్పటిదాకా ఇది మిషన్ ఎక్కదు. చెప్పేవాళ్ళే చేయని మాట నేను అచ్చు వెయ్యను."

ఆవిడ వెళ్ళాక ఆయన ఆ కాగితం ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నారు. పదిహేనో టోకెనాయన తలుపు తోస్తే, ఆగమని నేను కసిరాను. కాసేపటికి డాక్టరుగారు, "సిస్టర్, ఎల్లుండి పొద్దున ఎవరెవరున్నారు?" అన్నారు.

"ఐదుగురు."

"ఆరో పేరు నాది రాయండి. ఫైలు కూడా తెరవండి."

ముందురోజు కడుపు ఖాళీ చేసే మందు నేనే కలిపి ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టారు. "ఇన్నేళ్ళుగా జనం చేత దీన్నా తాగిస్తున్నాం?" అన్నారు. ఏడాదిలో ఆయన నోట విన్న మొదటి హాస్యం అది. నేను ఒక్క చుక్క కూడా వదలనివ్వలేదు.

పరీక్ష చేసింది ఆయన శిష్యురాలు, ఇప్పుడు పెద్దాసుపత్రిలో డాక్టరు. మత్తు వద్దన్నారు. మత్తు లేకుండా కష్టమని ఆవిడ చెప్పి చూసింది, వినలేదు. ఎడమవైపు తిరిగి పడుకుని తెర వైపు చూస్తున్నారు. నేను ఆయన మోకాలు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు. గొట్టం చివరిదాకా వెళ్ళింది. శుభ్రంగా ఉంది. శిష్యురాలు వెనక్కి లాగడం మొదలుపెట్టింది, ఆయన నేర్పించినట్టే, తొందర లేకుండా, మడత మడతా వెతుకుతూ.

ఆఖర్లో ఒక మడత వెనక అది ఉంది. తమ్ముడికి వచ్చినచోటికి అటూ ఇటుగా. మిరియపు గింజంత బుడిపె.

ఆయన ఎడమ కన్ను మూతపడింది.

"చిన్నది సార్. తీసేస్తాను" అంది శిష్యురాలు. నేను ఉచ్చు అందించాను. తీగ దాని మెడకి చుట్టుకుంది, బిగిసింది, తెగింది. రక్తం చుక్క కూడా రాలేదు. సీసాలో వేసి చీటీ అంటించాను. ఈసారి ఫైలు నంబరు ఉంది.

"ఎంతసేపు పట్టింది సిస్టర్?" అన్నారాయన.

రిజిస్టరులో రాయాలి కదా, గోడగడియారం చూసే ఉంచాను. "రెండు నిమిషాలు సార్."

ఆయన తెర మీంచి మొహం తిప్పుకుని గోడవైపు చూశారు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. శిష్యురాలు నొప్పేమోనని కంగారుపడి ఆగిపోయింది. నేను ఆగొద్దని చెయ్యి ఊపాను.

"వాడికి రెండు నిమిషాలు ఇవ్వలేదు సిస్టర్ నేను" అన్నారు.

మూడు ట్యూబులూ నా చేత్తోనే ఇచ్చాను.